నా చెవి కొలతతో చేసిన స్పీకర్లు

నాకు గర్వం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకే తెలియదు. నాకున్నది పనితనం అనుకునేవాణ్ణి. కూర్మన్నపాలెం దాటి కొంత దూరం వెళ్తే ఓ చిన్న ప్రైవేటు మిల్లు ఉంది. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చి, వరసగా నిలబెట్టిన రోలర్ల మధ్య నుంచి పంపించి, ఇళ్ల స్లాబుల్లో వేసే ఊచలుగా సాగదీసే మిల్లు అది. అందులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఫిట్టర్ని. రోలర్లను తిప్పే గేరుబాక్సుల్లో బేరింగులుంటాయి. అవి పాడయ్యే ముందు వాటి చప్పుడు మారుతుంది. ఆ మార్పుని అందరికంటే ముందు కనిపెట్టడం నా గొప్ప.

దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. అడుగున్నర పొడుగున్న స్క్రూడ్రైవరు మొనని గేరుబాక్సుకి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వినాలి. లోపల గుండ్లు నున్నగా దొర్లుతున్నాయో, గరగరలాడుతున్నాయో, గ్రీజు అయిపోయి సన్నగా కీచుమంటున్నాయో ఆ పిడిలోంచి తెలిసిపోతుంది. నిజానికి కళ్లు మూసుకోవలసిన పని లేదు. చుట్టూ నిలబడ్డవాళ్ల కోసం మూసుకునేవాణ్ణి. అందుకే మిల్లులో నన్ను డాక్టరుగారని పిలిచేవారు. మొదట్లో వేళాకోళానికి పిలిచారు, తర్వాత అదే ఖాయమైపోయింది. నేను కూడా వద్దనలేదు.

చెవుల్లో పెట్టుకోమని మిల్లువాళ్లు స్పాంజి బిరడాలు ఇచ్చేవారు. ఇచ్చినప్పుడల్లా జేబులో వేసుకునేవాణ్ణి. చెవులు మూసుకున్నవాడు బేరింగుని ఎలా వింటాడు? ఆ మాట కొత్తగా చేరినవాళ్ల ముందు, వాళ్లు బిరడాలు పెట్టుకుంటున్నప్పుడు, కాస్త గట్టిగానే అనేవాణ్ణి.

ఏడాది కిందట మా మిల్లుకి కొత్త ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు, నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. అరచేతిలో పట్టే ఓ మీటరు తెచ్చాడు. దాన్ని గేరుబాక్సుకి ఆనిస్తే లోపలి అదురు ఎంతో అంకెల్లో చెబుతుంది. ఏడాదికోసారి మిల్లు మొత్తం ఆపి, పాడైన బేరింగులు మార్చే వారం దగ్గరపడింది. ఏవేవి మార్చాలో జాబితా రాయాలి. ఇంజనీరు మీటరు మూడు బేరింగులు పాడయ్యాయంది. అందులో ఒకటి మూడో స్టాండు, అంటే వరసలో మూడో రోలర్ల జత, గేరుబాక్సులోది. నేను స్క్రూడ్రైవరు పెట్టి, కళ్లు మూసుకుని, మూడూ బాగున్నాయన్నాను. పైగా, మీటరుకి జలుబు చేసినట్టుంది సార్ అని నవ్వాను. అతనూ నవ్వి, నా మాట మీద ఆ మూడింటినీ జాబితాలోంచి కొట్టేశాడు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చల్లబడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను స్పీకర్లు చేయడం మొదలుపెట్టాను.

కారణం టీవీ. ఈమధ్య టీవీలో అందరూ నోట్లో లడ్డూ పెట్టుకుని మాట్లాడుతున్నారని నాకు అనిపించసాగింది. వార్తలు చదివే అమ్మాయి కూడా గొణుగుతోంది. ఫోన్లో పాట పెడితే పైన గుడ్డ కప్పినట్టుంటోంది. ఇదంతా స్పీకర్ల తయారీలో వచ్చిన దరిద్రమని తేల్చాను. సన్నగా, పల్చగా చేయాలనే యావలో పడి ఇప్పుడు ఎవడూ సరైన స్పీకరు చేయడం లేదు, ఆ పనేదో మనమే చేద్దాం అనుకున్నాను. మేడ మీద ఎనిమిదడుగులు బై పదడుగుల గది ఒకటి ఉంది, బియ్యం బస్తాలు, పాత కుర్చీలు పెట్టుకునేది. అందులో గోడకి కొట్టిన అల్మరాలో పట్టేటట్టు రెండు చిన్న స్పీకర్లు. పాత కార్ల సామాన్లు అమ్మే చోట లావు శబ్దాల కోసం రెండు స్పీకర్లూ, సన్నటి శబ్దాల కోసం రెండు చిన్న ట్వీటర్లూ, ఫోనుకి తగిలించే ఓ యాంప్లిఫయరూ చవగ్గా దొరికాయి. ఇంక పెట్టెలే కావాలి.

ఎవరైనా పెట్టె అంటే చెక్క గుర్తొస్తుంది. నాకు రేకు గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఇనుం తప్ప వేరేది ముట్టనివాడికి ఇంకేం గుర్తొస్తుంది? రెండు మిల్లీమీటర్ల రేకు కోసి, మడిచి, మూలలు వెల్డింగు చేసి, సాన పట్టి, రంగు కూడా వేశాను. మిల్లులో నా తోటివాళ్లు చూసి మెచ్చుకున్నారు. ఇనప్పెట్టెలా బలంగా ఉందన్నారు. ఇంటికి తెచ్చి స్పీకర్లు బిగించి పాట పెట్టగానే పెట్టె కూడా పాడటం మొదలెట్టింది. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా ఖంగుమంటోంది. నా భార్య మెట్ల మీద నుంచే అరిచింది.

"ఏటండీ అది, బిందెలో తలకాయెట్టి పాడతన్నారేటి ఎవులైనా?"

ఆవిడ ఈమధ్య ప్రతి మాటా అరిచే చెబుతోందని నాకు అప్పటికే కష్టంగా ఉంది.

దువ్వాడలో ఓ కాలేజీ ఉంది. మా బావమరిది అక్కడ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పనిచేస్తాడు. వాణ్ణి పిలిచాను. వాడు పెట్టెని గోరుతో ఓసారి కొట్టి చూశాడు.

"ఇనుం మోగుతాది బావా. గుళ్లో గంట దేంతోటి సేత్తారు మరి? దీనికి సెక్క గావాల."

"మందం రేకేస్తే?"

"మందం గంటవుద్ది. నువ్వు పులుసు పెట్టమన్నా ఇనుంతోనే పెడతావు. ఓల్డ్ టౌనుకెల్లి సెక్క పనోళ్లని అడుగు."

ఓల్డ్ టౌన్లో ఓ ముసలి సాయిబు గారు పెళ్లి మంచాలూ అల్మరాలూ చేస్తారు. ఆయన కొట్టుకి వెళ్లి నేను గీసిన పెట్టె బొమ్మ చూపించాను. మిల్లు అలవాటు కొద్దీ ప్రతి కొలతా అర మిల్లీమీటరు వరకు రాసి, ఎక్కువ తక్కువలు ఎంతవరకు ఒప్పుకుంటానో కూడా పక్కన వేశాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి ఆ కాయితాన్ని చాలాసేపు చూశారు.

"సార్, చెక్క ఎండాకాలం ఒక కొలత ఉంటది, వానాకాలం ఒక కొలత ఉంటది. మీ అర మిల్లీమీటరు ఏ కాలానిది?"

నేను నవ్వలేదు. కొలత కొలతే భాయ్ అన్నాను. ఆయన మళ్లీ కాయితం చూసి, "ఇందులో పలక మందం కలిపినారా సార్?" అని అడిగారు. ఇరవై ఎనిమిదేళ్ల ఫిట్టర్ని పట్టుకుని అలా అడగవచ్చునా? బొమ్మలో ఉన్నట్టు చేయండి చాలు అన్నాను. ఆయన బొమ్మలో ఉన్నట్టే చేశారు. ఎంత నిక్కచ్చిగా చేశారంటే, పలక మందం అంతా లోపలి చోటుని మింగేసి, స్పీకరు వెనకనున్న అయస్కాంతం వెనక పలకకి గుద్దుకుంది. రెండు మిల్లీమీటర్ల రేకుతో పని చేసేవాడు మందం గురించి ఆలోచించడు. రెండోసారి కాయితం పట్టుకెళ్లినప్పుడు ఆయన ఏమైనా అంటారనుకున్నాను. ఒక్క మాట కూడా అనలేదు. టీ తెప్పించారు. అనేస్తే బాగుండుననిపించింది.

ఈసారి పెట్టెలు చక్కగా వచ్చాయి. మూలలు అతికిన చోటు గోరుకి తగల్లేదు. లోపల కుక్కడానికి దూది కావాలి. బూరుగు దూదైతే మంచిదని విన్నాను, ఇంట్లో బూరుగు దూది ఉన్నది ఒకే ఒక్క తలగడలో. నా భార్య ఆ వారం వాళ్లక్క కూతురి పురుడికి గాజువాక వెళ్లింది. కాబట్టి తలగడ విషయంలో నాకు అడ్డం లేకపోయింది.

బావమరిది వచ్చి వైర్లు అతికించి ఇచ్చాడు. ట్వీటరుకి వెళ్లే వైరులో ఓ చిన్న రెసిస్టరు వేశాడు.

"దీన్ని మాత్రం తియ్యీకు బావా. ట్వీటరుకి నోరు పెద్దది. ఇది దాని మూతికి గుడ్డ."

వాడు వెళ్లాక పాట పెట్టాను. పాత సినిమా పాట, వేణువుతో మొదలవుతుంది. బరువు బాగుంది, మృదంగం బాగుంది. వేణువు మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. పాడే ఆవిడ స, శ, ష లు పలికినట్టే లేదు. మూతికి గుడ్డ కట్టాక ఎలా వినిపిస్తుందిలే అనుకుని ఆ రెసిస్టరు తీసేశాను. కొంచెం ప్రాణం వచ్చింది. మర్నాడు ఇంకో రెండు ట్వీటర్లు తెచ్చి ఒక్కో పెట్టెకి రెండేసి బిగించాను. ఇంకొంచెం ప్రాణం వచ్చింది. ఆ మర్నాడు ఫోన్లో సన్నటి శబ్దాలు పెంచే గీత ఉంటుంది కదా, దాన్ని చివరిదాకా జరిపాను. అప్పుడొచ్చింది వేణువు. నేను పెళ్లయిన కొత్తలో విన్న వేణువు అది. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఈసారి ఎవరూ చూడకపోయినా మూసుకుని, పాట మొత్తం విన్నాను. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ప్రపంచంలో స్పీకర్లు చేసేవాళ్లందరికీ చెవుల్లేవు, నాకున్నాయి అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న ప్రారంభోత్సవం పెట్టాను. నా భార్య గాజువాక నుంచి వచ్చింది. బావమరిది వచ్చాడు. మిల్లులో కొత్త యంత్రం వస్తే చేసినట్టే అన్నీ చేశాను. సింహాద్రి అప్పన్న పటం ముందు స్పీకర్లు రెండూ పెట్టి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. యంత్రం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నలిపించడం ఆచారం. స్పీకర్లకి చక్రాలు లేవు కాబట్టి పెట్టెల కిందే పెట్టి అదిమాను. ఒకటి నలగకుండా దొర్లి బియ్యం బస్తాల వెనక్కి పోయింది. సరే అని పాట పెట్టాను.

వేణువు మొదలవగానే నా భార్య రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. బావమరిది మొహం నిమ్మకాయ కొరికినవాడి మొహంలా అయింది.

"ఆపండి బాబూ! సెవుల్లోన సూదులు గుచ్చీసినట్టున్నాది. పళ్లు జివ్వుమంటన్నాయి!"

"బావా, రెసిస్టరు తీసీసినావు కదూ?" అంటూ వాడు లేచి ఫోను ఆపేశాడు.

అక్కడ నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసం నాకు అక్షరం అక్షరం గుర్తుంది, మర్చిపోదామంటే పోదు. మీ చెవులు ఫోన్లకి అలవాటు పడి మొద్దుబారిపోయాయి, అసలైన శబ్దం విని చాలా కాలమైంది కాబట్టి తట్టుకోలేకపోతున్నారు, పది రోజులు వినండి, మీకే తెలుస్తుంది, చెవి అనేది సాధన చేస్తే వచ్చేది, నా చెవి మీద మిల్లు నడుస్తోంది అన్నాను. బావమరిది అంతా విన్నాడు. తర్వాత తన ఫోన్లో ఏదో వెతికి, ల్యాబులో వాడే శబ్దం ఒకటి తీసి స్పీకర్లకి తగిలించాడు. ఒకే కూత, లావు గొంతుతో మొదలై మెల్లగా సన్నబడుతూ పోతుంది.

"ముగ్గురం సేతులు పైకెత్తుదారి. వినపడినంతసేపూ ఎత్తుంచాల, ఆగిపోగానే దించీయాల. అప్పా, నువ్వు కూడా," అన్నాడు వాళ్లక్క వైపు తిరిగి. "కళ్లు మూసుకోండి."

కళ్లు మూసుకోవడంలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెయ్యెత్తాను. గుమ్మని మొదలైంది, ఈలలా అయింది, ఇంకా సన్నబడింది, పల్చబడింది, ఆగిపోయింది. చెయ్యి దించి కళ్లు తెరిచాను.

వాళ్లిద్దరి చేతులూ పైనే ఉన్నాయి. ఇద్దరి కళ్లూ మూసి ఉన్నాయి. బావమరిది నన్ను ఆట పట్టించడానికి ఎత్తి పెట్టాడనుకున్నాను. కానీ నా భార్యకి అలాంటివి రావు. పూజలో నిలబడ్డట్టు శ్రద్ధగా చెయ్యెత్తి, నుదురు ముడిచి వింటోంది. గదిలో ఏ చప్పుడూ లేదు. కూత ఎంత సన్నబడిందో చూపించే అంకె ఫోన్లో పెరుగుతూనే ఉంది. చాలాసేపటికి ఆవిడ చెయ్యి దించింది, తర్వాత వాడు దించాడు.

ఫోను పాడైందన్నాను. మళ్లీ పెట్టించాను. అదే చోట నాకు ఆగిపోయింది. స్క్రూడ్రైవరు తెచ్చి మొన ట్వీటరు అంచుకి ఆనించి, పిడి ఎముకకి నొక్కాను. కూత సగం దాటాక పిడి చచ్చిన చెక్కలా ఊరుకుంది. అదే సమయంలో నా భార్య చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది.

"ఇదంతా నువ్వు ముందే తెలిసి చేశావురా," అన్నాను బావమరిదితో.

"అప్ప సెప్పింది. నానే నమ్మలేదు."

నా భార్య వైపు చూశాను. ఆవిడ స్పీకరు మీదున్న కుంకం బొట్టు వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగానే ఉంది.

"మూడేళ్లయినాది. మీతోటి అరిసరిసి నా గొంతు పోతన్నాది. నెమ్మదిగా సెప్తే మీకు తెలీదు. మీరేటో మా తమ్ముడికి సెప్పారంట, మీ అప్పకి కోపం ఎక్కువైపోయింది, బీపీ సూపించాల అని."

చెప్పాను. నిజమే. వాడితో రెండు మూడుసార్లు చెప్పాను. వయసు మీద పడ్డాక ఆడవాళ్లకి అలాగే అవుతుందిరా అని కూడా వివరించాను.

"నాకు చెప్పొచ్చు కదా?"

"సెప్పాను. రెండుసార్లు సెప్పాను. మీకు వినపడలేదు."

బావమరిదికి నవ్వొచ్చి ఆపుకోలేక కొబ్బరి చిప్ప తీసుకుని కిందికి పోయాడు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకెవరి కథైనా అయితే. మూడేళ్లు ఆవిడ నా కోసం గొంతు చించుకుంటే నేను దాన్ని కోపమనుకుని, తిరిగి కోప్పడుతూ వచ్చాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టం లేక నిమ్మకాయ వెతుకుతున్నట్టు బస్తాల వెనక్కి వంగాను.

అలా వంగి ఉన్నప్పుడు గుర్తొచ్చింది మూడో స్టాండు.

బేరింగు పాడవడం మొదలైనప్పుడు ముందు వచ్చేది సన్నటి కీచు. గరగర ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది, అందులోనూ పదునంతా సన్నటి చప్పుళ్లదే. సన్నటిది వినపడనివాడికి బేరింగు ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. మూడో స్టాండు గేరుబాక్సు లోపల బిగుసుకుపోతే, దాన్ని మోటారుకి కలిపే కప్లింగు ముక్కలై ఎగురుతుంది. దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి రోలర్లు సరిచేసేవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరిదీ పెందుర్తి వైపు, ఒకే ఊరు, వరసకి బావా బావమరుదులు. ఆ బేరింగుని ఈసారి మార్చకపోతే మళ్లీ ఏడాది దాకా ఎవరూ మూత తెరవరు. బాగుందని చెప్పింది నేను.

సోమవారం షిఫ్టు మొదలవకముందే వెళ్లి స్క్రూడ్రైవరు మూడో స్టాండుకి పెట్టాను. మిల్లు తిరగడం మొదలయ్యాక విన్నాను. ఎప్పటిలాగే నున్నగా ఉంది. దానికే భయం వేసింది. అటు పక్కన నిలబడ్డ ఇద్దర్లో పెద్దవాడు బొటనవేలు ఎత్తి, "బాగున్నాదా?" అన్నట్టు సైగ చేశాడు. నేను తల ఎటు ఊపానో నాకే తెలియదు.

ఇంజనీరు గదికి వెళ్లాను. దారిలో మాట సిద్ధం చేసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల పేరు ఒక్క వాక్యంతో పోకూడదు కదా.

"సార్, మూడో స్టాండు ఇంకోపాలి విన్నాను. కొంచెం తేడాగా ఉంది. మార్చీడమే మంచిది."

అతని మొహం వెలిగిపోయింది. "మీటరుకి దొరికింది మీకూ దొరికిందన్నమాట. నాకు లోపల పీకుతూనే ఉంది గురువుగారూ. అయితే మిగతా రెండూ కూడా మళ్లీ వినండి. మీరు సరేనంటే వదిలేద్దాం. మీ మాటే ఫైనల్."

నా తెలివి అక్కడితో అయిపోయింది. మిగతా రెండూ ఏమని వినను? బొమ్మా బొరుసూ వేసి చెప్పాలి. ఆ బల్ల మీదున్న మీటరుని చూస్తూ చెప్పాను.

"నాకు వినపడలేదు సార్. మూడో స్టాండు ఇప్పుడు కూడా నాకు బాగానే ఉంది. సన్నటి చప్పుళ్లు నాకు వినపడవు. ఎన్నాళ్ల నుంచో తెలీదు. మొత్తం మూడూ మార్చీండి."

అతను ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏమన్నారని అడిగాను. అడగటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది, మూడేళ్లుగా తల ఊపి సరిపెట్టుకుంటున్నవాడికి. అతను బల్ల మీదికి వంగి మళ్లీ చెప్పాడు. "జాబితాలో రాస్తాను. ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. మీరేం బాధపడకండి." చెవుల డాక్టరుకి చూపించుకొమ్మన్నాడు కూడా. బయటికి వచ్చి, ఎవరికీ తెలియదన్న మాటకి నేను సంతోషించాను. అది కూడా ఇక్కడ రాయాలి.

మంగళవారం మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాక స్పీకర్ల పని చూశాను. ఎక్కువ పెట్టిన ట్వీటర్లు పీకేశాను. రెసిస్టరు మళ్లీ అతికించాను. నా భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ మారుస్తూ ఎలా ఉందని అడుగుతూ పోయాను. చెవులు ఆవిడవి, చేతులు నావి. ఓ చోట ఆవిడ చాలంది. "ఇప్పుడు బాగున్నాది, పక్కన కూసోని పాడతన్నట్టున్నాది," అంది. నాకు దుప్పటి కప్పినట్టుంది. అక్కడే బిగించేశాను. ఆవిడ పాట అయిపోయేదాకా లేవలేదు. అన్నట్టు తలగడ సంగతి కూడా ఆ రోజే బయటపడింది, దాని గురించి ఇక్కడ రాయను.

గురువారం మిల్లు ఆపారు. మూడో స్టాండు మూత తీసి బేరింగు బయటికి లాగాం. గుండ్లని పట్టి ఉంచే ఇత్తడి పంజరం రెండు చోట్ల విరిగి ఉంది. గుండ్లు దొర్లే లోపలి బాట మీద పెచ్చులు లేచిపోయాయి. వేలు పెట్టి తిప్పితే గరుకు వేలికి తెలుస్తోంది. ఇంకో నెల కూడా ఆగేది కాదన్నాడు ఇంజనీరు. మిగతా రెండింటిలో ఒకటి పాడైంది, ఒకటి శుభ్రంగా ఉంది. మీటరూ ఓ తప్పు చేసింది. సిగ్గు లేకుండా ఆ ఒక్కదానికి సంబరపడ్డాను.

కప్లింగు దగ్గర నిలబడే ఇద్దరూ వచ్చి ఆ బేరింగుని చేతుల్లోకి తీసుకుని చూశారు. పెద్దవాడు విరిగిన ముక్కని తడిమి, తాను రోజూ నిలబడే చోటుని చూసి, మళ్లీ ముక్కని చూశాడు. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"సూసినావా బావా? డాక్టరుగారి సెవి ఉండబట్టి బతికిపోనాం. ఇంతమంది తిరుగుతన్నారు, ఎవులికైనా వినపడినాదా?"

చిన్నవాడు నాకు దండం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఇంజనీరు ఫోనులోకి చూసుకుంటున్నాడు. మాటిచ్చినట్టే అతను నోరు విప్పలేదు. నేను కూడా విప్పకపోతే అయిపోయేది. ఉద్యోగం ఇంకో మూడేళ్లే ఉంది, డాక్టరుగానే దిగిపోవచ్చు. ఆ చెయ్యి కళ్లకద్దుకున్నప్పుడు నాకు బాగుంది. ఎంత బాగుందో చెప్పలేను. ఓ రెండు మూడు క్షణాలు అలాగే ఉంచాను.

"నా సెవి కాదు," అన్నాను.

"ఏటి?"

"నాను ఇది బాగున్నాదని సెప్పీసాను. మార్చక్కర్లేదని పేరు కొట్టించీసింది నానే. పాడైందని ఆ మీటరు సెప్పినాది. నాకు వినపడలేదు. నాకు శానా సప్పుళ్లు వినపడవు. నా మాటే ఉంచుంటే ఇది మళ్లీ ఏడాది దాకా లోపలే ఉండేది."

పెద్దవాడు నా మొహం చూస్తూ ఉండిపోయాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలని నాకు తెలుసు. తిడతాడనుకున్నాను. తిడితే పడదామనే నిలబడ్డాను, తిడితే నాకు కొంచెం తేలికవుతుందని ఆశ కూడా ఉంది. అతను బేరింగుని గోనె మీద పెట్టాడు. గ్రీజు చేతులు గుడ్డపేలికతో నెమ్మదిగా తుడుచుకున్నాడు. నా పక్కనుంచి చుట్టూ తిరిగి నాకు ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు.

మిల్లంతా ఆగిపోయి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లలో అంత నిశ్శబ్దంగా ఉండేది ఏడాదికి ఆ కొన్ని రోజులే. అందులో అతను, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి, గొంతెత్తి అరిచాడు.

"టీ... తాగుదారి... రండీ!"

అవతలి షెడ్డులో ఉన్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు. నాకు బాగా వినపడిందని చెప్పి, అతని వెనకే వెళ్లాను.